మూడు పొరల దిండు

నాకు నొప్పి ఎక్కడో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మోకాలైతే చెప్పుకోవచ్చు. నడుమైతే మరీ మంచిది, వినేవాళ్లు తమ నడుముల సంగతి కూడా ఏకరువు పెట్టి మనల్ని పలకరించి పోతారు. నాది అలాంటి మర్యాదైన చోటు కాదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో సైకిలెక్కి కొనితెచ్చుకున్న నొప్పి.

సరదాకి ఎక్కలేదు లెండి. మా చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పోస్టాఫీసు కౌంటర్లో స్టాంపులు గుద్దుతూ, పెళ్లి వద్దనుకుని, తన బతుకేదో తాను బతుకుతున్న మనిషి. అప్పటికి ఆరు నెలలుగా మా ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. వారానికి మూడు రోజులు ఆస్పత్రికి వెళ్లి, నాలుగేసి గంటలు కుర్చీలో కూర్చుని, మిషను చేత రక్తం కడిగించుకుని వస్తుంది. నా కిడ్నీ తనకి సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఆ మాట విన్నాక చెల్లెలు బస్సులో ఇల్లు చేరేదాకా నా చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ మర్నాడే డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచింది.

"మీ కిడ్నీ బాగుందండీ. మీరే బాగా లేరు" అంది.

తొంభై ఏడు కిలోలు తూగాను. ఎనభై ఎనిమిదికి దిగాలి. దిగితే ఆపరేషను, లేకపోతే లేదు. ఈ బరువుతో నన్ను కోస్తే నాకే ముప్పని వాళ్ల కమిటీ ఒప్పుకోదట. నాలుగు నెలలు గడువు పెట్టింది.

"నడుస్తానండీ, రోజూ రెండు గంటలు నడుస్తాను" అన్నాను.

"మీ మోకాళ్ల ఎక్స్‌రే చూశాను. నడవకండి. పరిగెత్తడం గురించి కలలో కూడా అనుకోకండి. సైకిల్ తొక్కండి, రోజుకో గంట. తిండి సగం చెయ్యండి."

సగం తిండి పెద్ద కష్టం కాలేదు. మా ఆవిడ ఆ బాధ్యత తీసుకుంది, తీసుకున్న రోజు నుంచి నా కంచం వైపు చూడాలంటేనే నాకు జాలేసేది. చిక్కంతా సైకిల్ దగ్గరే వచ్చింది.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. నేను సీట్లు చేస్తాను. సోఫాలు, ఆఫీసు కుర్చీలు, కార్ల సీట్లు, సినిమా హాలు కుర్చీలు, ఒకసారి ఒక జడ్జిగారి కుర్చీ. బజార్లో అందరూ నన్ను దిండ్ల మేస్త్రీ అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఫోమూ, రెక్సినూ, జిగురు వాసనా తప్ప వేరే లోకం తెలీదు. రెక్సిన్ కోసే ఇనప కత్తెర ఎప్పుడూ ప్యాంటు పక్క జేబులోనే ఉంటుంది, అరకిలో పైమాటే. అది జేబులో లేకపోతే నాకు చొక్కా వేసుకోనట్టుంటుంది. నా పనితనానికి నాకో లెక్క ఉంది. తయారైన సీటు మీద పిడికిలి ఆనించి నొక్కుతాను. మణికట్టు దాకా దిగాలి. కూర్చున్నవాడు కూర్చోగానే "అబ్బ" అనాలి. అనకపోతే విప్పి మళ్లీ కుడతాను. మెత్తదనంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. గర్వమే అనుకోండి.

అలాంటివాణ్ణి, సైకిల్ షాపులో పాత సైకిలొకటి తీసుకుని, రాతిముక్కలాంటి నల్ల సీటు మీద కూర్చున్నాను. మొదటి రోజు ఇరవై నిమిషాలు తొక్కేసరికి చుక్కలు కనిపించాయి. రెండో రోజు పది నిమిషాలకే కనిపించాయి. మూడో రోజు సీటు మీదుగా కాలు వేస్తుంటేనే ఒళ్లు జలదరించింది. షాపులో పనంతా నిలబడి చేశాను. కుట్టుమిషను మీద పని పక్కన పెట్టి, బల్ల దగ్గర ఫోమ్ కోస్తూ, గన్నుతో పిన్నులు కొడుతూ గడిపాను. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని తిన్నాను.

"ఏమండీ, కూర్చుని తినచ్చుగా?" అంది మా ఆవిడ.

"నిలబడితే తక్కువ తింటామని డాక్టరమ్మ చెప్పింది."

ఎందుకన్నానో అన్నాను. ఆ పూట నుంచి అది ఇంట్లో శాసనమైపోయింది.

ఇక ఆగలేక డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"సీటు బాగా నొప్పిగా ఉందండీ."

"అయితే సీటు మార్చుకోండి."

"మార్చుకునే సీటు కాదండీ."

అవతల నుంచి దగ్గు లాంటి నవ్వొకటి వినిపించింది. "ఓహో, ఆ సీటా. వారం పది రోజుల్లో అలవాటవుతుంది, కంగారు పడకండి" అని పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఎత్తాల్సిన పనేముంది? నేను దిండ్ల మేస్త్రీని. ఊరందరి సీట్లూ చేసేవాణ్ణి నా సీటు చేసుకోలేనా? ఆ మధ్యాహ్నమే టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో గీసి, అంగుళం మందం ఫోమ్ కోసి, పైన మెత్తటి గుడ్డ వేసి తొడుగు కుట్టాను. పిడికిలి పెట్టి చూసుకున్నాను. బాగానే దిగింది. మర్నాడు తొక్కితే మొదటి ఐదు నిమిషాలు స్వర్గం. పావుగంటకి తిమ్మిరి మొదలైంది. అరగంటకి నా కింద నాకేమీ లేనట్టయింది. దిగి నడుద్దామంటే కాళ్లు నావి కావు.

ఒక పొర చాల్లేదనుకున్నాను. రెండో పొర వేశాను. మూడోది కూడా వేశాను. ప్రతి పొరకీ సీటు ఎత్తు పెరిగింది, మొదటి ఐదు నిమిషాలూ ఇంకాస్త హాయిగా ఉన్నాయి, ఆ తర్వాత బాధ ఇంకాస్త ఎక్కువైంది. తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి తోలు ఊడింది. స్నానం చేస్తుంటే నీళ్లు తగిలి కేక పెట్టాను. బయట నుంచి మా ఆవిడ "ఏమైందండీ?" అంటే "పాట" అన్నాను.

ఒక పొద్దున గాలి కొట్టించుకోవడానికి సైకిల్ షాపు దగ్గర ఆగాను. షాపాయన పంపు పక్కన పెట్టి నా సీటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రీ ఇది? పరుపేశావా?"

"నొప్పిగా ఉంటే వేశాను."

"నొప్పి తగ్గిందా?"

నేను వంగి టైరు నొక్కి చూశాను.

"సైకిల్ మీద మనిషి కూర్చోడు మేస్త్రీ. రెండు ఎముకలు కూర్చుంటాయి" అన్నాడు, రెండు వేళ్లు సీటు మీద నిలబెట్టి చూపిస్తూ. "వాటికి ఆనడానికి గట్టి చోటు కావాలి. నీ పరుపులో అవి దిగబడిపోతాయి, మధ్యలో ఫోమ్ పైకి తన్నుకొస్తుంది. నరం నొక్కుకుపోయాక తిమ్మిరెక్కదా? పైగా ఎత్తు చూడు. తొక్కినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతున్నావు, అందుకే ఒరుసుకుంటోంది. అది పీకి అవతల పారెయ్. సీటు కిందికి దించుతాను, రెండు వారాలు ఓర్చుకో."

నాకు ఒళ్లు మండింది. "నువ్వెప్పుడైనా సీటు కుట్టావా?" అన్నాను.

"లేదు."

"నేను ఇరవై ఆరేళ్లుగా కుడుతున్నాను."

"నువ్వు కుట్టినవాటి మీద కూర్చుని టీవీ చూస్తారు మేస్త్రీ. తొక్కరు."

గాలి కొట్టించుకోకుండానే వచ్చేశాను.

ఆ తర్వాత చేసింది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పొద్దున్నే టోపీ పెట్టుకుని సైకిల్ మీద బయల్దేరేవాణ్ణి. వీధి మలుపు తిరిగాక దిగేవాణ్ణి. సైకిల్ నడిపించుకుంటూ పార్కు వెనక గేటు దాకా వెళ్లి, గోడకి ఆనుకుని, ఆకులు ఊడ్చే ఆవిడ ఊడ్చడం చూస్తూ ముప్పావు గంట గడిపేవాణ్ణి. బెంచీలున్నాయి కానీ కూర్చోలేను కదా. తర్వాత కుళాయి దగ్గర మొహం, మెడ, చంకలు తడుపుకుని ఇంటికొచ్చేవాణ్ణి. అలసిపోయినట్టు నటించాల్సిన అవసరం ఉండేది కాదు. నిజంగానే అలసిపోయేవాణ్ణి. ఏ పనీ చెయ్యకుండా అబద్ధం మోయడం ఎంత అలుపో అప్పుడు తెలిసింది.

చెల్లెలు వెనక గది గుమ్మంలో నిలబడి అడిగేది. "ఎంత తొక్కావు అన్నయ్యా?"

"పన్నెండు కిలోమీటర్లు."

తన గదిలో గోడకున్న క్యాలెండర్లో, ఆ తేదీ గడిలో, పెన్సిల్‌తో చిన్నగా పన్నెండు అని రాసుకునేది. ఉబ్బిన వేళ్లతో పెన్సిల్ పట్టుకోవడం కష్టమై మెల్లగా రాసేది. ఒక్క గడి కూడా వదల్లేదు. ఆరు వారాలయ్యాక మందుల షాపులో బరువు చూసుకుంటే తొంభై ఐదున్నర. ఆ ఒకటిన్నర కిలో కూడా మా ఆవిడ కంచం పుణ్యమే. మిగిలింది రెండున్నర నెలలు, దిగాల్సింది ఏడున్నర కిలోలు. షాపుకొచ్చి, బల్ల మీద తల పెట్టుకుని, చాలాసేపు ఏ పనీ చెయ్యకుండా నిలబడ్డాను. నాకు భయమేసింది. చెల్లెలి బతుకు నా పిరుదుల మీద ఆగిపోయిందని ఎవరికి చెప్పను?

ఆ వారమే మా ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలుగా ఆస్పత్రికి చెల్లెలితో తనే వెళ్తుంది. నేను ఆటో దాకా వచ్చి, సంచీ, దిండు చేతికిచ్చి షాపుకి పోతాను. దిండంటే నేను చేసిందే. చెల్లెలికి మిషను మొదలుపెట్టిన కొత్తలో, ఆ ఆస్పత్రి కుర్చీ చూసి, రేకు మీద రెక్సిన్ అంటించినట్టుందని తిట్టుకుంటూ, ఒక ఆదివారమంతా కూర్చుని చేశాను. మూడు పొరల ఫోమ్, పైన నీలం మెత్తటి గుడ్డ, చుట్టూ అంచు కుట్టు. పిడికిలి మణికట్టు దాటి దిగింది. నేను చేసినవాటిలో అంత మెత్తటిది మరొకటి లేదు. "ఎలా ఉంది?" అని అడిగితే మొదటి రోజే "చాలా మెత్తగా ఉంది అన్నయ్యా" అంది. నాకంతకన్నా ఏం కావాలి?

ఆ రోజు నేనే తోడు వెళ్లాను. పై అంతస్తు గదిలో ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మిషన్లు ఉన్నాయి. చెల్లెలు కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆగింది. నర్సమ్మ వచ్చి నవ్వుతూ నా చేతిలో దిండు అందుకుంది.

"ఇది రోజూలాగే పైన పెట్టేస్తానక్కా" అని, బీరువా మీద పెట్టేసింది.

చెల్లెలు ఆమె వైపు చూసిన చూపుకి పాపం ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. నేను బీరువా మీదున్న నీలం దిండు వైపు చూశాను. నలగని అంచులు, కొత్తదానిలా ఉంది. ఎనిమిది నెలలు కూర్చున్న దిండు అలా ఉండదు. అది నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి, మిషను తిరగడం మొదలయ్యేదాకా నేను పక్కన నిలబడే ఉన్నాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"మొదటి రెండు నెలలూ కూర్చున్నాను అన్నయ్యా."

"తర్వాత?"

"నావల్ల కాలేదు." కళ్లు మూసుకుంది. "చెయ్యి కదపకూడదు కదా. దిగబడిపోయి ఒక పక్కకి ఒరిగిపోయేదాన్ని. సర్దుకుందామంటే కుదరదు. నాలుగు గంటలయ్యేసరికి తుంటి దగ్గర్నుంచి కింద ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు లేవబోయి పడిపోయాను. ఈ పిల్లే పట్టుకుంది."

"మీ వదినకి తెలుసా?"

"తెలుసు."

"మరి రోజూ మోసుకుని రావడం ఎందుకు?"

"నువ్వు ఆటోలోకి అందించి, దుమ్ము దులిపి ఇస్తావు కదా" అంది. "ఎలా చెప్పను?"

బీరువా మీది దిండు వైపు చూడలేక, మిషను గొట్టంలో తిరిగే రక్తం వైపు చూశాను. అదీ చూడలేకపోయాను. నా మెత్తదనం నా చెల్లెల్ని రెండు నెలలు ఏడిపించిందని, ఆ తర్వాత ఆరు నెలలు నా కోసం ఉత్తినే మోయించిందని, నాకప్పటిదాకా తెలీలేదు. ఆమె అబద్ధాన్ని చూస్తూ నా అబద్ధాన్ని దాచుకోవడం ఇంక చేతకాలేదు.

"నేను కూడా తొక్కట్లేదు" అన్నాను.

చెల్లెలు కళ్లు తెరిచింది.

"మూడు వారాలుగా పార్కు గోడకి ఆనుకుని నిలబడుతున్నాను. నువ్వు క్యాలెండర్లో రాసుకున్న పన్నెండ్లన్నీ ఉత్తవే. తొంభై ఐదున్నర ఉన్నాను."

కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు నా మొహం వైపే చూసింది. మనిషి బాగా చిక్కిపోయిందని ఆ వెలుగులో కనిపించింది.

"ఎందుకు తొక్కట్లేదు?"

"నొప్పి."

"ఎక్కడ?"

"సీటు" అన్నాను.

"సైకిల్ సీటా?"

"రెండూ."

పెదాలు బిగబట్టింది. ఆగలేక నవ్వింది. పక్క కుర్చీలో ముసలాయన తిరిగి చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"కూర్చోగానే హాయిగా ఉంటుంది కదూ?" అంది, నవ్వు ఆపుకుని. "కాసేపటికి మధ్యలోది పైకి నొక్కుకొస్తుంది. తర్వాత తిమ్మిరి. లేచాక కాళ్లు మనవి కానట్టుంటాయి."

"నీకెలా తెలుసు?"

"నీ దిండే కదా అన్నయ్యా."

ఆ నాలుగు గంటలూ అయ్యేదాకా నిలబడి, ఆమెని ఇంటికి తీసుకొచ్చి, దిండు చంకలో పెట్టుకుని షాపుకి వెళ్లాను. సైకిల్ సీటు తొడుగు కత్తిరించి, మూడు పొరలూ పీకేశాను. ఆ తర్వాత నీలం దిండు కుట్టు విప్పాను. అందులోంచీ మూడు పొరలు తీసేశాను. మూలన, నేను చిన్నచూపు చూసే సరుకొకటి ఉంటుంది. కత్తిరించగా మిగిలిన ఫోమ్ ముక్కల్ని అదిమి చేసిన గట్టి పలక. చవక కుర్చీలకి అడుగున వేసి పైకి కనపడకుండా కప్పేస్తాను. దాన్నుంచి అరంగుళం మందాన కోసి, అదే నీలం గుడ్డలో పెట్టి కుట్టాను. పిడికిలి పెట్టి నొక్కితే దిగలేదు. వేలి కణుపులు నొప్పెట్టాయి. ఇరవై ఆరేళ్లలో పిడికిలి దిగని దిండు నేను చేసి ఇవ్వడం అదే మొదలు.

సైకిల్ షాపాయన నన్ను చూసి ఒక్క మాట కూడా దెప్పలేదు. పాత నల్ల సీటు తుడిచి, రెండంగుళాలు కిందికి దించి, దాని ముందు ముక్కు కాస్త సమానం చేసి, "కుట్లున్న లోదుస్తులు వేసుకోకు మేస్త్రీ, నువ్వే కుట్టులేనివి చూసుకో" అన్నాడు. అంతే.

రెండు వారాలు నొప్పి పెట్టింది. కానీ అది వేరే నొప్పి. రెండు చోట్ల, ఎముక ఎక్కడుందో అక్కడ, దెబ్బ తగిలిన చోట నొక్కినట్టు. తిమ్మిరి లేదు. మూడో వారానికి అదీ పల్చబడింది. అలుపు మాత్రం తగ్గలేదు. గాలికి ఎదురు తొక్కాను, వానలో తొక్కాను, మోకాళ్లు కిర్రుమంటుంటే తొక్కాను. ఇంటికొచ్చి ఎంత చెబితే చెల్లెలు అంత రాసుకునేది. ఆరు, ఏడు, తొమ్మిది. పాత పన్నెండ్లని చెరపలేదు. చెరపమని నేనూ అడగలేదు. కొత్త దిండు మొదటిసారి ఇచ్చిన రోజు ఆస్పత్రి దాకా వెళ్లి, "ఎలా ఉంది?" అని అడిగాను.

"గట్టిగా ఉంది" అంది.

"అంతేనా?"

"అంతే. నాలుగు గంటలయ్యాక అడుగు."

నాలుగు గంటలయ్యాక అడగాల్సిన పని పడలేదు. తనంతట తనే లేచి నిలబడి, దిండు తనే చంకలో పెట్టుకుంది.

గడువు రోజున ఇద్దరం డాక్టరమ్మ గదికి వెళ్లాం. కాటా మీద నిలబడ్డాను. ఎనభై ఎనిమిది దాటి మూడొందల గ్రాములు. డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. అన్ని పొద్దుటిపూటలు, అంత గాలి, అంత వాన, మూడొందల గ్రాముల దగ్గర ఆగిపోయాయి. చెప్పులు విప్పేశాను. సూది దాదాపు కదల్లేదు.

"కత్తెర" అంది చెల్లెలు.

"ఏంటి?"

"జేబులో కత్తెర తియ్ అన్నయ్యా."

తీశాను. డాక్టరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని బల్ల మీద పెట్టింది. కాటా ఎనభై ఏడు ముప్పావుకి దిగింది. డాక్టరమ్మ కత్తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"మొదటి రోజు తూచినప్పుడు కూడా ఇది జేబులోనే ఉందా?"

"ఉండే ఉంటుందండీ."

ఆమె తల అడ్డంగా ఊపి ఫైలు తెరిచింది. చెల్లెలు అప్పటికే కుర్చీలో తన నీలం దిండు వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. నాకూ ఏడుపు వచ్చింది కానీ ఓపిక లేదు.

"నిలబడ్డారేం? కూర్చోండి, తేదీ రాసుకుందాం" అంది డాక్టరమ్మ.

నాలుగు నెలల్లో ఆ గదికి ఎన్నిసార్లో వెళ్లాను. ఆ రోజు మొదటిసారి కూర్చున్నాను.